‘కోవిడ్ కవర్ ఉంది’ అంటే ఏమున్నట్టు?

ప్రశ్న: 2020 ఏప్రిల్‌లో మేం వెళ్లాల్సిన విదేశీ ప్రయాణం కరోనాతో ఆగిపోయింది. ఎయిర్‌లైన్ ఫ్లైట్ రద్దు చేసి వోచర్ ఇచ్చింది. దాన్ని వాడుకునేలోపే గడువు అయిపోయింది. హోటల్‌కి కట్టిన డబ్బు పూర్తిగా పోయింది. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని క్లెయిమ్ వేస్తే, ‘మహమ్మారి వల్ల కలిగిన నష్టం పాలసీ పరిధిలోకి రాదు’ అని ఒక్క వాక్యం రాసి తిప్పి పంపారు. ఇప్పుడు మా అమ్మాయి పట్టా అందుకునే వేడుకకి నాలుగు నెలల్లో నేను, మావారు, డెబ్బై రెండేళ్ల మా అత్తగారు వెళ్లాలి. ఆవిడకి బీపీ, షుగర్ ఉన్నాయి. ఏజెంటేమో ‘ఇందులో కోవిడ్ కవర్ ఉంది మేడమ్, టెన్షన్ పడకండి’ అంటున్నాడు. మావారేమో ఇన్సూరెన్స్ శుద్ధ దండగ అంటున్నారు. మళ్లీ అలాంటిదేదైనా వస్తే ఈ పాలసీ ఆదుకుంటుందా? ఏజెంటుని ఏమేం అడగాలి? ఆ పాత క్లెయిమ్ గురించి ఇప్పుడు ఏమైనా చేయొచ్చా?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఏజెంట్ అబద్ధమాడటం లేదు. మీవారి కోపంలోనూ అబద్ధం లేదు. ఇద్దరూ ఒకే మాటని రెండు అర్థాల్లో వాడుతున్నారు, అంతే. ఏజెంట్ నోట ‘కోవిడ్’ అంటే జబ్బు, ముక్కులోంచి శాంపిల్ తీస్తే పాజిటివ్ వచ్చే జబ్బు. మీవారి మనసులో ‘కోవిడ్’ అంటే 2020వ సంవత్సరం. మూసేసిన సరిహద్దులు, ఖాళీ ఎయిర్‌పోర్టులు, ఫోనెత్తని కస్టమర్ కేర్. పాలసీ రాసేవాళ్లకి ఈ రెండూ ఒకటి కావు. మొదటిదానికి ఇప్పుడు చాలా పాలసీలు డబ్బిస్తున్నాయి. రెండోది చాలావాటిలో అసలు అమ్మకానికే ఉండదు. మీరు ఏజెంటుని అడగాల్సిన ప్రశ్నలన్నీ ఈ తేడాలోంచే పుడతాయి.

నేను కొన్నేళ్లు క్లెయిములు చూసే ఉద్యోగం చేశాను. ఫారంలో ‘ప్రయాణం ఆగిపోవడానికి కారణం’ అని ఒక గడి ఉండేది, మూడు లైన్లు పట్టేంత. 2020లో వచ్చిన ఫారాల్లో చాలావాటిలో ఆ గడిలో రెండే ముక్కలు: ‘కరోనా వల్ల’. ఆ రెండు ముక్కలు చూడగానే ఫైలు తిన్నగా మినహాయింపుల పేజీ దగ్గరికి, అంటే కంపెనీ దేనికి డబ్బివ్వదో రాసిన చోటికి వెళ్లేది. ఒకావిడ మాత్రం గడి చాలక కాగితం వెనక కూడా రాసింది. ఫలానా తేదీన భర్తకి జ్వరం, మర్నాడు టెస్ట్, ఆ మర్నాడు ‘ప్రయాణం చేయగల స్థితిలో లేరు’ అని డాక్టరు చీటీ, ఫ్లైట్ ఆ తర్వాత రెండు రోజులకి. ఆవిడ పాలసీలో జబ్బుపడటం అనే కారణం ఉంది, మహమ్మారి మినహాయింపు లేదు. డబ్బొచ్చింది. ఆవిడేమీ తెలివితేటలు చూపలేదు, మాట మార్చలేదు. ఏ రోజు ఏం జరిగిందో జరిగినట్టు రాసింది. క్లెయిములు చూసేవాడికి కావాల్సింది అదే. ప్రపంచానికి ఏమైందో వాడికి అక్కర్లేదు, మీకేమైందో కావాలి.

ట్రావెల్ ఇన్సూరెన్స్‌ని మనం గొడుగనుకుంటాం, ఏ వాన పడినా విప్పుకోవచ్చని. నిజానికి ప్రయాణం రద్దు విషయంలో అది రైలు రిజర్వేషన్ చార్టు లాంటిది. చార్టులో పేరుంటేనే బెర్తు. పాలసీలో ‘ట్రిప్ క్యాన్సిలేషన్’ అనే భాగంలో కారణాల జాబితా ఉంటుంది. మీకో, మీతో వచ్చేవారికో, దగ్గరి కుటుంబ సభ్యులకో తీవ్రంగా జబ్బు చేయడం, ఎవరైనా చనిపోవడం, ఇల్లు నివాసయోగ్యం కాకుండా పోవడం, కోర్టు సమన్లు లాంటివి. ‘అక్కడ కేసులు పెరుగుతున్నాయి, వెళ్లాలంటే భయంగా ఉంది’ అనేది ఆ చార్టులో ఉండదు. ‘వెళ్లినా వేడుక ఆన్‌లైన్‌లో పెట్టేశారు’ అనేదీ ఉండదు. మీ భయం న్యాయమైనదే కావచ్చు, డాక్టరే వెళ్లొద్దని సలహా ఇచ్చి ఉండొచ్చు. ఒంట్లో జబ్బు లేకుండా కేవలం ముప్పు ఉందని ఆగిపోతే సాధారణ పాలసీ పైసా ఇవ్వదు. మీ అత్తగారి విషయంలో ఇది ముందే తెలిసి ఉండాలి. వయసు, షుగర్ చూసి ‘ఈ పరిస్థితుల్లో ఆవిడని తీసుకెళ్లొద్దు’ అని డాక్టరు అంటే అది మంచి సలహా. క్లెయిమ్‌కి మాత్రం పనికొచ్చే కారణం కాదు.

మహమ్మారిని కంపెనీలు పాలసీ నుంచి ఎందుకు తప్పిస్తాయో ఒక్క మాటలో చెప్తాను, ఎందుకంటే అది తెలిస్తే ఏ పాలసీని ఎంతవరకు నమ్మాలో మీకే తోస్తుంది. ఇన్సూరెన్స్ అంటే వందమంది కట్టిన డబ్బుతో ఇద్దరి నష్టం పూడ్చడం. వందమందికీ ఒకే వారంలో నష్టమొస్తే పూడ్చడానికి మిగతావాళ్లు ఎవరూ ఉండరు. 2003లో సార్స్ అనే అంటువ్యాధి వచ్చి వెళ్లాక చాలా కంపెనీలు తమ పాలసీల్లో అంటువ్యాధుల మినహాయింపుని చేర్చాయి. అసలు మహమ్మారికి ఇన్సూరెన్సే దొరకదని కాదు. వింబుల్డన్ టెన్నిస్ నిర్వాహకులు సార్స్ తర్వాత ఆ కవర్‌ని ప్రత్యేకంగా తీసుకుని ఏళ్ల తరబడి ప్రీమియం కడుతూ వచ్చారు. 2020లో, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మొదటిసారి టోర్నీ రద్దయినప్పుడు వాళ్లకి భారీ పరిహారం అందింది. కానీ అది టోర్నీలు కొనుక్కునే సరుకు. ఫ్లైట్ టికెట్ బుక్ చేసేటప్పుడు కింద టిక్కు పెడితే వచ్చే పాలసీలో అది ఉంటుందనుకోకండి.

ఇక తేదీల సంగతి. కొంచెం ఓపిగ్గా చదవండి, క్లెయిములు ఎక్కువగా కొట్టుకుపోయేది ఇక్కడే. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జనవరి 30న అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించింది. ఫిబ్రవరి 11న జబ్బుకి కోవిడ్-19 అని పేరు పెట్టింది. మార్చి 11న మహమ్మారి అంది. మనలో చాలామందికి కథ మార్చిలో మొదలైంది. కొన్ని పెద్ద ట్రావెల్ ఇన్సూరెన్స్ కంపెనీలు మాత్రం జనవరి మూడో, నాలుగో వారాల్లోనే ‘ఇక ఇది తెలిసిన సంఘటన’ అని తేదీ గీసేశాయి. ఆ తేదీ తర్వాత పాలసీ కొన్నవాళ్లకి కరోనా వల్ల వచ్చే రద్దులు వర్తించవని దాని అర్థం. జబ్బుకి ఇంకా పేరే పెట్టలేదు, అప్పటికే గేటు పడిపోయింది. మంటలు కనబడ్డాక ఆ ఇంటికి ఇన్సూరెన్స్ అమ్మరు కదా, వాళ్ల వాదన అది. అందులో తప్పు పట్టడానికీ లేదు. కాకపోతే మంట ఎప్పుడు కనబడిందో తేల్చేది వాళ్లే, మనం కాదు.

కాబట్టి మీ విషయంలో చేయగలిగింది ఒకటే. టికెట్లకి మొదటి వాయిదా కట్టిన వారంలోనే పాలసీ కొనండి. ‘బయల్దేరే ముందు చూద్దాంలే’ అని ఆగితే డబ్బేమీ మిగలదు, మధ్యలో ఏదైనా మొదలైతే మాత్రం గేటు బయట ఉండిపోతారు. ప్రయాణం రద్దు కవర్ సాధారణంగా పాలసీ కొన్న మర్నాటి నుంచే పనిచేస్తుంది, వైద్య కవర్ మాత్రం బయల్దేరిన రోజు నుంచి. ముందే కొంటే మూడు నెలల పాటు అదనంగా రక్షణ దొరికినట్టే.

మినహాయింపు వాక్యం ఎలా రాశారో చూడటం మీవారికి అప్పగించండి, ఇన్సూరెన్స్ మీద కోపంగా ఉన్న మనిషి ఆ పేజీని బాగా చదువుతారు. కొన్ని పాలసీల్లో ‘ఏ అంటువ్యాధి లేదా మహమ్మారి వల్ల ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ కలిగిన ఏ నష్టమైనా’ అని ఉంటుంది. ఆ ‘పరోక్షంగా’ అన్న ఒక్క మాట చాలు, అన్నీ ఊడ్చుకుపోతుంది. మీ పాత పాలసీలో బహుశా ఇదే ఉండి ఉంటుంది. కొన్నింటిలో ‘ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారిగా ప్రకటించినవి’ అని ఉంటుంది. ఇది మీకు కాస్త మేలు. ఎందుకంటే ఆ సంస్థ అత్యవసర పరిస్థితి ప్రకటించిన ప్రతిదీ మహమ్మారి కాదు. ఎంపాక్స్‌కి (మంకీపాక్స్‌కి) 2022 జులైలో ఒకసారి, 2024 ఆగస్టులో మరోసారి అత్యవసర పరిస్థితి ప్రకటించారు, రెండుసార్లూ దాన్ని మహమ్మారి అనలేదు. పైగా 2025 సెప్టెంబర్ 19 నుంచి అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల సవరణల్లో ‘పాండెమిక్ ఎమర్జెన్సీ’ అనే కొత్త స్థాయి ఒకటి వచ్చింది. పాత భాషతో రాసిన పాలసీలకీ ఈ కొత్త మాటకీ ఎలా పొత్తు కుదురుతుందో రేపు ఏ కోర్టో తేలుస్తుంది. మీకు తెలియాల్సింది ఇంతే: ఆ వాక్యంలో ‘ప్రకటించిన’ అనే మాట ఉందా, ఎవరు ప్రకటించినది అని ఉంది, ‘పరోక్షంగా’ ఉందా. పెన్సిల్‌తో ఈ మూడింటి కింద గీత పెట్టమనండి.

‘కోవిడ్ కవర్’ అని విడిగా ఉన్న పాలసీల్లో ఈ మినహాయింపుకి చిన్న కిటికీ తెరిచి పెడతారు: కోవిడ్ వచ్చి మీరు జబ్బుపడితే మిగతా జబ్బులతో సమానంగా చూస్తామని. ఆ కిటికీ కోవిడ్-19కి మాత్రమే. రేపు వచ్చేది ఇంకో వైరస్ అయితే కిటికీ మూసే ఉంటుంది, మినహాయింపు మాత్రం ఎప్పటిలా నిలబడి ఉంటుంది. ‘మళ్లీ అలాంటిదేదైనా వస్తే’ అని అడిగారు చూశారూ, దానికి సూటి జవాబు ఇదే. అందుకే ఏజెంటుని ‘కోవిడ్ ఉందా’ అని అడగొద్దు. ‘కొత్త అంటువ్యాధి ఏదైనా వచ్చి మాలో ఒకరం జబ్బుపడితే ఇస్తారా’ అని అడగండి.

క్వారంటైన్ ఇంకో గుంట. జబ్బు లేకుండా గదిలో పెట్టేస్తే ఏమవుతుంది? 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకోహామా తీరంలో ఆపేసిన డైమండ్ ప్రిన్సెస్ ఓడ గుర్తుందా? అందులో 3,711 మంది ఉన్నారు. వైరస్ సోకింది 712 మందికి. అంటే దాదాపు మూడు వేల మంది వైరస్ సోకకుండానే ఓడలో చిక్కుకున్నారు. జబ్బు కవర్ మాత్రమే ఉన్న పాలసీకి ఈ మూడు వేల మంది కనబడరు, ఎందుకంటే వాళ్లకి జబ్బే లేదు. క్వారంటైన్‌కి డబ్బిచ్చే పాలసీల్లో కూడా సాధారణంగా ఒక షరతు ఉంటుంది. డాక్టరో, ఆరోగ్య అధికారో మిమ్మల్ని వ్యక్తిగతంగా, పేరు పెట్టి వేరుగా ఉండమని ఆదేశించాలి. ఊరంతటికీ లాక్‌డౌన్ పెడితే, విదేశాల నుంచి వచ్చినవాళ్లందరూ పది రోజులు గదిలో ఉండాలని రూలు పెడితే, అది ఆ లెక్కలోకి రాదు. ‘అందరికీ’ అన్న చోట ఇన్సూరెన్స్ చేతులు ముడుచుకుంటుంది, ‘మీకు’ అన్న చోటే చేయి చాస్తుంది. మీరు వెళ్తున్నది ముగ్గురు కాబట్టి ఇది బాగా పట్టించుకోండి. అత్తగారికి పాజిటివ్ వస్తే ఆవిడతో పాటు ఉండిపోయే మీ ఇద్దరి హోటల్ ఖర్చు ఇస్తారా, రోజుకి ఎంత, ఎన్ని రోజులు, మారిన రిటర్న్ టికెట్ ధర ఇస్తారా? ఆవిడ ఒక్కరికే ఇచ్చి మిమ్మల్ని వదిలేసే పాలసీలున్నాయి.

ప్రభుత్వాల ప్రయాణ హెచ్చరికలు రెండు వైపులా కోస్తాయి. 2020 మార్చి 17న బ్రిటన్ తన పౌరులకి అత్యవసరం కాని విదేశీ ప్రయాణాలన్నీ మానుకోమంది. రెండు రోజులకే అమెరికా మొత్తం ప్రపంచానికి నాలుగో స్థాయి హెచ్చరిక జారీ చేసింది. ఇలాంటి హెచ్చరిక పాలసీ కొన్న తర్వాత వస్తే, దాన్ని రద్దుకి సరైన కారణంగా ఒప్పుకునే పాలసీలు కొన్ని ఉన్నాయి, ఒప్పుకోనివి ఎక్కువ. కానీ హెచ్చరిక ఉండగా లెక్కచేయకుండా వెళ్తే మాత్రం చాలా పాలసీల్లో వైద్య ఖర్చులతో సహా కవర్ ఎగిరిపోతుంది. ఈ రెండోదాన్ని ఎవరూ చెప్పరు. వెళ్లే ముందురోజు మీ ప్రభుత్వం వెబ్‌సైట్ ఒకసారి చూసి, ఆ పేజీని ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తేదీ కనబడేలా.

ఎయిర్‌లైన్ దగ్గరికి వద్దాం, నిజానికి మీ డబ్బులో ఎక్కువ భాగం అక్కడే ఉంటుంది. 2020లో జనం చేసిన అతి ఖరీదైన పొరపాటు తొందర. ఫ్లైట్ ఇంకా షెడ్యూల్‌లో ఉండగానే భయపడి తామే రద్దు చేసుకున్నారు. రెండు రోజులకి ఎయిర్‌లైన్ ఆ ఫ్లైట్‌నే ఎత్తేసింది. ముందు రద్దు చేసుకున్నవాళ్లకి క్యాన్సిలేషన్ చార్జీలు, ఆగినవాళ్లకి పూర్తి రీఫండ్. అదే ఫ్లైట్, పక్కపక్క సీట్లు. ఎయిర్‌లైన్ తనంతట తాను రద్దు చేసినప్పుడు డబ్బు తిరిగివ్వాలనేది చాలా చోట్ల చట్టం. యూరప్‌లో 261/2004 నిబంధన ప్రకారం ఏడు రోజుల్లో ఇవ్వాలి. మహమ్మారి వచ్చినా రీఫండ్ హక్కు పోదని, వోచర్ తీసుకోవాలా వద్దా అన్నది ప్రయాణికుడి ఇష్టమని యూరోపియన్ కమిషన్ 2020 మార్చిలోనే స్పష్టం చేసింది. అమెరికా రవాణా శాఖ అదే ఏడాది ఏప్రిల్ 3న ఎయిర్‌లైన్లకి ఇదే గుర్తు చేసింది. భారత సుప్రీంకోర్టు 2020 అక్టోబర్ 1న లాక్‌డౌన్ కాలపు టికెట్ల రీఫండ్‌పై తీర్పు ఇచ్చింది. ప్యాకేజీ టూర్ అయితే యూరప్‌లో దానికి విడిగా చట్టం ఉంది, పద్నాలుగు రోజుల్లో డబ్బు వెనక్కివ్వాలి.

అందుకని వోచర్ విషయంలో జాగ్రత్త. వోచర్‌కి ‘సరే’ అని నొక్కగానే మీ నష్టం పూడినట్టే లెక్క. ఇన్సూరెన్స్ మిగతా ఎవరూ ఇవ్వని డబ్బుకే ఇస్తుంది. ఎయిర్‌లైన్, హోటల్, టూర్ కంపెనీ ఇచ్చింది పోను మిగిలిందానికే. వోచర్ గడువు తీరిపోయిందని తర్వాత వెళ్లినా వాళ్లు దయ చూపరు, 2020లో మీకు జరిగింది అదే అనుకుంటాను. ఇకముందు మెయిల్‌లో పెద్ద అక్షరాలతో మెరుస్తున్న వోచర్ బటన్ కాకుండా, కింద చిన్న అక్షరాల్లో రీఫండ్ లింకు ఎక్కడుందో వెతకండి. కార్డుతో కట్టి ఉంటే, ఇవ్వని సేవకి డబ్బు తీసుకున్నారని బ్యాంకులో డిస్ప్యూట్ వేసే దారి కూడా ఉంది, దానికీ గడువుంటుంది.

భయపడి ఆగిపోయినా డబ్బొచ్చే పాలసీ అసలు లేదా అంటే, ఉంది. ‘ఏ కారణంతోనైనా రద్దు’ అనే అదనపు కవర్ అమెరికా మార్కెట్లో బాగా కనిపిస్తుంది, మిగతా చోట్ల అరుదు. పేరు వినగానే ఏనుగెక్కినంత ధీమా వస్తుంది గానీ దిగి చూస్తే షరతులు బోలెడు. మొదటి వాయిదా కట్టిన రెండు మూడు వారాల్లోపే కొనాలి. తిరిగిరాని ఖర్చు మొత్తానికీ తీసుకోవాలి, కొంతకే తీసుకుంటే చెల్లదు. బయల్దేరడానికి కనీసం 48 గంటల ముందు రద్దు చేయాలి. ఇచ్చేది కూడా మొత్తం కాదు, మామూలుగా 50 నుంచి 75 శాతం. ప్రీమియం బాగా పెరుగుతుంది. ఎయిర్‌లైన్ రద్దు చేసేదాకా ఆగమని ఇందాక చెప్పాను, ఇదేమో 48 గంటల ముందే తేల్చుకోమంటుంది, రెండూ ఒకదానికొకటి అడ్డం. నా మటుకు నేను మీ ముగ్గురి ప్రయాణానికి దీన్ని కొనను. ఆ అదనపు ప్రీమియం పెట్టి రద్దు చేసుకోగల హోటల్ గదులు, తేదీ మార్చుకోగల టికెట్లు తీసుకుంటాను. రద్దు చేసుకోగల బుకింగ్‌లో వాదన ఉండదు, ఫారం ఉండదు.

మీవారి ‘శుద్ధ దండగ’కి ఇప్పుడు జవాబు చెప్పొచ్చు. ప్రయాణం రద్దు భాగం గురించి అయితే ఆయనతో సగం ఏకీభవిస్తాను. తిరిగిరాని ఖర్చు తక్కువ ఉంటే ఆ భాగం చిన్నదిగా తీసుకున్నా ఫరవాలేదు. వైద్య ఖర్చుల భాగం వదులుకోమని మాత్రం ఎవరు చెప్పినా వినొద్దు. పరాయి దేశంలో డెబ్బై రెండేళ్ల మనిషిని ఒక వారం ఆస్పత్రిలో పెట్టాల్సి వస్తే ఆ బిల్లు ముందు మీ టికెట్లు, హోటళ్లు అన్నీ చిల్లర. ఇల్లు చేర్చడానికి మెడికల్ విమానం కావాల్సి వస్తే ఇక చెప్పక్కర్లేదు.

అత్తగారి పాలసీ విడిగా, తీరిగ్గా చూడండి. బీపీ, షుగర్ దాచొద్దు. ‘చెప్తే ప్రీమియం పెరుగుతుంది, రాయకండి’ అనే ఏజెంట్లు ఉన్నారు. క్లెయిమ్ రోజున ఆ ఏజెంట్ ఉండడు, ఆస్పత్రి రికార్డులు ఉంటాయి. కోవిడ్‌తో చేరినా సరే, షుగర్ దాచారని తేలితే మొత్తం ఫైలు అనుమానంలో పడుతుంది. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. పాత జబ్బులకి కవర్ ఇచ్చే పాలసీలు ‘గత ఇన్ని రోజులుగా జబ్బు అదుపులో ఉండాలి’ అంటాయి, కొన్ని 60 రోజులు, కొన్ని 180. ఆ రోజుల్లో మందు మారినా, డోసు పెరిగినా అదుపులో లేనట్టే లెక్కవేసే పాలసీలున్నాయి. ప్రయాణానికి ముందు చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టరు బీపీ మాత్ర ఐదు నుంచి పదికి పెంచారనుకోండి, ఆ మాత్ర వేసుకోవడం మానకండి, ఇన్సూరెన్స్ కంపెనీకి ఒక మెయిల్ పెట్టండి. జవాబు దాచుకోండి.

అక్కడ ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే మొదటి ఫోన్ అంబులెన్స్‌కి, రెండోది పాలసీ మీదున్న సహాయ కేంద్రం నంబరుకి. ముగ్గురి ఫోన్లలోనూ ఆ నంబరు ఉండాలి, అత్తగారి పర్సులో కాగితం మీద కూడా. వాళ్లకి చెప్పకుండా ఆస్పత్రిలో చేరితే కొన్ని పాలసీలు పరిహారం తగ్గిస్తాయి. టెస్ట్ ల్యాబ్‌లో చేయించండి, రిపోర్టు మీద పూర్తి పేరు, తేదీ ఉండాలి. ఇంట్లో చేసుకునే కిట్ మీద రెండు గీతలు కనబడే ఫొటో చాలా కంపెనీలకి చాలదు. డాక్టరు చీటీలో ‘విశ్రాంతి అవసరం’ అని రాస్తే సరిపోదు, ‘ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు ప్రయాణం చేయకూడదు’ అని రాయించుకోండి. ఇక జబ్బు వల్లో, ఫ్లైట్లు ఆగడం వల్లో తిరుగు ప్రయాణం తేదీ దాటిపోతే పాలసీ తనంతట తానే పొడిగించబడుతుందా, ఎన్ని రోజులకి అనేది బయల్దేరకముందే చూసుకోవాల్సిన విషయం. 2020లో పరాయి దేశాల్లో ఇరుక్కుపోయిన వాళ్లలో పాలసీ గడువు ముగిసినవాళ్లు ఎంత అల్లాడారో ఫోన్‌లో విన్నాను.

ఏజెంటుని పైన చెప్పినవన్నీ మెయిల్‌లోనే అడగండి, ఫోన్‌లో కాదు. ‘ఉంది మేడమ్’ అనే మాటకి క్లెయిమ్ రోజున విలువ లేదు, మెయిల్‌కి ఉంది. ప్రతి ప్రశ్నకీ ‘పాలసీలో ఏ పేజీ, ఏ క్లాజు’ అని అడగడం మర్చిపోవద్దు. బ్రోచర్ పంపిస్తే అది కాదని, పూర్తి పాలసీ డాక్యుమెంట్ కావాలనండి. పంపడానికి నసిగితే ఏజెంటుని మార్చండి. కొన్నాక నచ్చకపోతే మొదటి కొన్ని రోజుల్లో వెనక్కిచ్చి డబ్బు తీసుకునే వీలు చాలా పాలసీల్లో ఉంటుంది, ఆ రోజుల్లోపే మీవారి పెన్సిల్ పని పూర్తవ్వాలి.

ఒకవేళ రేపు క్లెయిమ్ తిరస్కరిస్తే అక్కడితో ఆగొద్దు. ఏ క్లాజు కింద కొట్టేశారో రాతపూర్వకంగా అడగండి, తర్వాత కంపెనీ ఫిర్యాదుల విభాగం, ఆ తర్వాత అంబుడ్స్‌మన్ లాంటి, కంపెనీతో సంబంధం లేకుండా ఫిర్యాదులు తేల్చే వ్యవస్థ. చాలా దేశాల్లో అది ఉంది, ఫీజు కూడా ఉండదు. పాలసీ వాక్యానికి నిజంగా రెండు అర్థాలు వస్తుంటే, రాసినవాడికి వ్యతిరేకంగా చదవాలన్నది కోర్టులు పాటించే పాత సూత్రం. మహమ్మారి వాక్యాలు కొన్ని ఆదరాబాదరాగా రాసినవి, అలా రెండు అర్థాలొచ్చేవి బాగానే ఉన్నాయి.

2020 నాటి మీ క్లెయిమ్ మాత్రం ఇప్పుడు కదిలే అవకాశం దాదాపు లేదు. ఫిర్యాదు గడువులు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. వోచర్ మీద ఎయిర్‌లైన్‌కి ఒక మెయిల్ రాసి చూడండి, కొందరు గడువు పొడిగించారు, ఆశ పెట్టుకోకండి. కానీ ఆ తిరస్కరణ లెటర్ పారేయొద్దు. అందులో ఏ వాక్యం చూపించి మిమ్మల్ని తిప్పి పంపారో, కొత్త పాలసీ డాక్యుమెంట్ పీడీఎఫ్ తెరిచి ముందుగా ఆ వాక్యాన్నే వెతకండి. అది అందులో కూడా యథాతథంగా కనబడితే, ఆ పేజీ ఫొటో తీసి మీ ఏజెంటుకి పంపి, ‘కోవిడ్ కవర్ ఉందన్నారు కదా, మరి ఇదేమిటి’ అని అడగండి.